ఎవరి ఊరి చరిత్ర వారిది: మెక్సికో బొమ్మల పుస్తకాల వెంట

మంగళవారం, సోకలో

సోమవారం మెక్సికో నగరంలో మ్యూజియాలకు సెలవు. అందుకని మా తిరుగుడు మంగళవారం పొద్దున సోకలోలో మొదలైంది. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద మైదానం అది. ఒకవైపు కేథడ్రల్, ఒకవైపు ప్రభుత్వ భవనం, ఆ రెంటి మూలన టెంప్లో మయోర్, అంటే పెద్దగుడి శిథిలాలు. ఊరు సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నాలుగడుగులు వడిగా వేస్తే ఆయాసం. నా వయసుకి నిదానమే మేలు.

హ్యూస్టన్‌లో ఉండే మావాడు "అమ్మా, పిరమిడ్లా, బీచా?" అని అడిగితే, కాగితాలు చూద్దాం అన్నాను. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషిని తీసుకెళ్తే ఇంతే మరి. మనం అజ్టెక్కులంటాం కానీ వాళ్ళు తమను మెషికాలనే చెప్పుకున్నారు. 1521లో, ఇప్పటి ఈ నగరం ఉన్నచోటే చెరువు మధ్య ఉండిన వాళ్ళ రాజధాని టెనోచ్‌టిట్లాన్ స్పెయిన్‌వాళ్ళకు చిక్కింది. ఆ తర్వాత నూరేళ్ళలోపు స్థానికులే బొమ్మల్లోనూ, కొత్తగా నేర్చిన లాటిన్ అక్షరాల్లోనూ తమ పాత చరిత్రను మళ్ళీ రాసిపెట్టారు. అంతకు ముందటి మెషికా చరిత్ర పుస్తకమని పండితులందరూ ఒప్పుకునేది ఒక్కటీ మిగల్లేదు. మనకు తెలిసిందంతా ఓటమి తర్వాత రాసిందే. నాకు చూడాలనిపించింది ఆ పుస్తకాలనీ, అవి పుట్టిన ఊళ్ళనీ.

టెంప్లో మయోర్‌ని ఉల్లిపొరల్లా ఒకదానిపై ఒకటి కట్టుకుంటూ పోయారు. ఏడు దశలు లెక్కేశారు తవ్వినవాళ్ళు. 1978 ఫిబ్రవరిలో కరెంటు పనివాళ్ళ గునపానికి గుండ్రటి పెద్ద రాతిపలక తగిలింది. మూడు మీటర్లు దాటిన వెడల్పు. దానిమీద తల, కాళ్ళు, చేతులు వేరు వేరైపోయిన స్త్రీమూర్తి. పేరు కోయోల్‌షౌకి. కథ మాత్రం అంతకు నాలుగు వందల ఏళ్ళ కిందే సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి చేయించిన పుస్తకంలో ఉంది. కొండమీద తల్లిని చంపడానికి కూతురు నాలుగు వందలమంది తమ్ముళ్ళను వెంటేసుకుని వస్తుంది. ఆ క్షణంలోనే తల్లి కడుపులోంచి హుయిట్సిలోపోచ్‌ట్లి ఆయుధాలతో సహా పుట్టి అక్కను నరికి కొండ కిందికి దొర్లిస్తాడు. రాయి దొరికిందెక్కడనుకున్నారు? ఆ దేవుడి గుడి మెట్ల అడుగున, సరిగ్గా ఆమె శరీరం వచ్చి పడాల్సిన చోట. కాగితం చెప్పిన మాటకు మట్టి సాక్ష్యమిచ్చిన సందర్భాలు చరిత్ర చెప్పేవాళ్ళకి పండగ. అక్కడ నేను చాలాసేపు నిలబడిపోయాను, మావాడు నీడకోసం వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం టాకోల్లో నోపాల్ కూర పెట్టించాడు. నోపాల్ అంటే మన నాగజెముడు జాతే. ముళ్ళు గీకేసి పెనంమీద కాలుస్తారు, బెండకాయలా కాస్త జిగురు. నగరం పుట్టుక కథలో, ఊరు ఇక్కడే కట్టాలనడానికి గుర్తుగా గద్ద వాలింది ఈ చెట్టుమీదేనని తెలిసి తింటున్నానన్నమాట. పక్కన పచ్చి మిరపకాయల సాస్. మిరప పుట్టిల్లు ఈ ప్రాంతమే. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరి, తర్వాత గుంటూరు దాకా వెళ్ళింది. 1541 ప్రాంతంలో స్పెయిన్ రాజుకోసం తయారైన మెషికాల బొమ్మల పుస్తకం, మెండోసా పుస్తకంలో మాట వినని పదకొండేళ్ళ పిల్లవాడిని తండ్రి మంటమీద మిరపకాయల పొగకు పట్టే బొమ్మ ఉంది. పక్కపేజీల్లో ఏ వయసు పిల్లకు పూటకెన్ని రొట్టెలో చుక్కల లెక్కతో సహా చూపించారు. మూడేళ్ళవాడికి అర రొట్టె. దెబ్బల కంటే ఆ అర రొట్టె నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

బుధవారం, చపుల్తెపెక్

ఇక్కడి మెట్రోలో ప్రతి స్టేషన్‌కీ పేరుతోపాటు ఒక బొమ్మ ఉంటుంది. చపుల్తెపెక్‌కి మిడత, కోయోవకాన్‌కి నక్కలాంటి కొయోటే, అస్కాపొట్సాల్కోకి చీమ. 1969లో మెట్రో మొదలైనప్పుడు చదువురానివాళ్ళకీ దారి తెలియాలని పెట్టారంటారు. తమాషా ఏమిటంటే, మెండోసా పుస్తకంలోనూ ఊళ్ళ పేర్లు ఇలాగే రాశారు. కొండమీద మిడత గీస్తే చపుల్తెపెక్. నాకు స్పానిష్ రాదు, మెషికాల భాష నావాట్ల్ అసలే రాదు, అయినా ఆ పూట మెట్రోలో దారి నేనే చూపించాను.

జాతీయ మానవశాస్త్ర మ్యూజియం 1964లో తెరిచారు. సూర్యశిల దగ్గర ఫోటోలు తీసుకునేవాళ్ళ గుంపు. దాన్ని దాటి నేను వెతుక్కున్నది 1926లో ప్రభుత్వ భవనం పునాదుల్లోంచి బయటకు తీసిన చిన్న గుడి ఆకారపు రాయి. దాని వీపున నాగజెముడు, దానిమీద గద్ద. స్పెయిన్‌వాళ్ళు రాకముందు చెక్కినది. మెండోసా పుస్తకం మొదటి బొమ్మలోనూ ఇదే ఉంది: నీళ్ళు నాలుగు పాయలుగా చీలిన మధ్యలో రాయి, రాయిమీద నాగజెముడు, మీద గద్ద, చుట్టూ పదిమంది పెద్దలు. ఈ రెంటిలోనూ గద్ద నోట పాము లేదు. మెక్సికో జెండామీద ఉన్న పాము డియేగో దురాన్ అనే సన్యాసి 1581లో ముగించిన గ్రంథంలోని బొమ్మలో కనబడుతుంది. రాయికీ కాగితానికీ మధ్య పాము ఎక్కడ దూరిందో అని మావాడు నవ్వాడు.

ఈ మ్యూజియం ఆవరణలోని గ్రంథాలయ ఖజానాలో ఉన్న ముఖ్యమైన వస్తువు వలస పట్టీ, అంటే మెషికాల వలస కథను బొమ్మల్లో చెప్పే పొడవాటి కాగితం. అసలు ప్రతిని మామూలుగా బయట పెట్టరు, మనం చూసేవి నకళ్ళు. అత్తిచెట్టు జాతి బెరడును సున్నం నీళ్ళలో ఉడకబెట్టి, రాళ్ళతో చదును చేసిన కాగితం. అయిదున్నర మీటర్ల పొడవున అతికి, విసనకర్రలా మడతలు పెట్టారు. మొదట్లో చెరువు మధ్య దీవి, పడవలో ఒకడు, ఒడ్డున వంకర కొండ, కొండ గుహలోంచి మాట్లాడుతున్న దేవుడు. ఆ దీవే మెషికాలు తమ పుట్టిల్లని చెప్పుకునే అస్ట్లాన్. అక్కడినుంచి పాదముద్రలు నడుస్తూ పోతాయి. వెంట ఎనిమిది జాతులు, దేవుడి మూటను వీపున మోసే నలుగురు. ఒకచోట చెట్టు మధ్యకు విరుగుతుంది, జనం ఏడుస్తారు, మెషికాలు మిగతావాళ్ళనుంచి విడిపోతారు. బొమ్మలన్నీ నల్లగీతలే. సంవత్సరాల గళ్ళను కలపడానికి మాత్రం ఎర్రగీత. చివరికి కుల్వాకాన్ దగ్గర కథ తెగిపోతుంది. నగరం కట్టిందాకా కూడా రాలేదు. ఎందుకు ఆపేశారో కాగితం చెప్పదు.

ఈ సంవత్సరాల సంగతి మనవాళ్ళకి తేలిగ్గా బోధపడుతుంది. మన ప్రభవ, విభవలు అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చినట్టే వాళ్ళవి యాభై రెండేళ్ళకోసారి తిరిగొస్తాయి. కుందేలు, రెల్లు, చెకుముకిరాయి, ఇల్లు అనే నాలుగు గుర్తులు, ఒకటినుంచి పదమూడు అంకెలు. శకవర్షం లేకుండా "రక్తాక్షి నామ సంవత్సరం" అని మాత్రం ఉన్న శాసనం చేతికొస్తే మనం ఏ రక్తాక్షి అని తల పట్టుకుంటాం. "ఒకటి చెకుముకి" అంటే ఏ చెకుముకి అని వీళ్ళ పండితులదీ అదే బాధ. నగరం కట్టిన సంవత్సరం "రెండు ఇల్లు", అది 1325 అన్న లెక్కే ఎక్కువగా చెలామణిలో ఉంది.

బొతురీని పుస్తకమని పట్టీకి అంటుకున్న పేరు మాత్రం ఇటలీవాడిది. లొరెన్సో బొతురీని 1736లో ఇక్కడికొచ్చి, ఊరూరా తిరిగి ఇలాంటి కాగితాలు పోగుచేశాడు. అనుమతి పత్రాలు లేవని, గ్వాదలూపే మేరీమాతకు కిరీటం చేయిస్తానని చందాలు వసూలు చేశాడని 1743లో పట్టుకుని జైల్లో వేశారు. సేకరణంతా జప్తు చేసి, మనిషిని స్పెయిన్‌కి పంపేశారు. అందులో చాలా కాగితాలు తర్వాత చెల్లాచెదురయ్యాయి. ఇది మాత్రం దేశంలో నిలిచింది.

మెండోసా పుస్తకానికి ఆ అదృష్టం లేదు. రాజుకోసం తయారైంది, రాజుకు చేరలేదు. దారిలో ఫ్రెంచివాళ్ళ చేతిలో పడిందంటారు. ఫ్రాన్స్ రాజు భూగోళ పండితుడు ఆంద్రే తెవే తన పేరూ, 1553 అన్న సంవత్సరమూ దానిమీద రాసుకున్నాడు. తర్వాత రిచర్డ్ హాక్లూట్ అనే ఇంగ్లీషువాడు ఇరవై ఫ్రెంచి క్రౌన్లకు కొన్నాడు. చేతులు మారి మారి 1659లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయం చేరింది, ఇప్పటికీ అక్కడే. స్పానిష్‌లో వివరణ రాసినవాడు చివర్లో సంజాయిషీ ఒకటి పెట్టాడు: బొమ్మల అర్థం మీద స్థానిక పెద్దలు ఒక మాటకొచ్చేసరికి ఆలస్యమైంది, ఓడలు బయల్దేరడానికి పదిరోజుల ముందే నా చేతికొచ్చింది, భాష బాగాలేకపోతే మన్నించండి అని. నాకు ముచ్చటేసింది. పెద్దలు దేనిమీద తగువులాడారో కూడా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

గురువారం, ట్లటెలోల్కో

ఈ ఊరుకోసమే అసలు వచ్చాను. టెనోచ్‌టిట్లాన్‌కి ఉత్తరాన, అదే చెరువులో, అదే మెషికా జాతివాళ్ళు కట్టుకున్న జంట ఊరు ట్లటెలోల్కో. పెద్ద సంత ఇక్కడే సాగేది. 1473లో దాయాదులే దీన్ని ఓడించి లోబరచుకున్నారు. మెండోసా పుస్తకంలో ఆ ఘట్టానికి బొమ్మ ఉంది: ట్లటెలోల్కో రాజు మొకిహుయిష్ గుడి పైనుంచి తలకిందులుగా పడిపోతున్నాడు. గెలిచిన ఊరివాళ్ళు గీయించుకున్న బొమ్మ కదా, అలాగే ఉంటుంది.

ఇప్పుడక్కడ మూడు సంస్కృతుల కూడలి ఉంది. కింద గుడుల పునాదులు, మధ్యలో ఆ గుడుల రాళ్ళతోనే కట్టిన ముదురెరుపు శాంతియాగో చర్చి, చుట్టూ అపార్ట్‌మెంట్లు. 1521 ఆగస్టు 13న మెషికాల ఆఖరి రాజు కువౌతేమొక్ పట్టుబడ్డాడని చెప్పే ఫలకం దగ్గర బడిపిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. కొంచెం దూరంలో 1968 అక్టోబరు 2న సైన్యం కాల్పుల్లో పోయిన విద్యార్థుల స్మారకశిల. ఆ రెంటి మధ్య నడవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

చర్చి పక్కన 1536 జనవరి 6న శాంతాక్రూస్ కళాశాల మొదలైంది. స్థానిక దొరల పిల్లలకు లాటిన్, తర్కం నేర్పారు. నగరం పడిపోయి పదిహేనేళ్ళు కూడా కాలేదని గుర్తుపెట్టుకోవాలి. ఈ ఆవరణలోనే 1552లో మార్టిన్ దె లా క్రూస్ అనే స్థానిక వైద్యుడు మూలికల పుస్తకం చెబితే, హువాన్ బాదియానో దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. అది వాటికన్‌లో ఉండిపోయి 1990లో పోప్ రెండో జాన్‌పాల్ చేతుల మీదుగా మెక్సికోకి తిరిగొచ్చింది.

సహగూన్ 1529లో వచ్చాడు. భాష నేర్చాడు. టెపెయపుల్కో అనే ఊళ్ళో పెద్దలను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. వాళ్ళు బొమ్మలతో జవాబిస్తే, కళాశాలలో చదివిన కుర్రాళ్ళు వాటికింద నావాట్ల్‌లో వివరం రాశారు. ట్లటెలోల్కోలో ఆ పని పెరిగి పెరిగి పన్నెండు సంపుటాలైంది. ఇప్పుడది ఫ్లోరెన్స్‌లోని మెదీచీ గ్రంథాలయంలో ఉంది కాబట్టి ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. ఒక కాలమ్ నావాట్ల్, ఇంకోటి స్పానిష్. స్పానిష్ అనువాదం కురచైనచోట ఖాళీని బొమ్మలతో నింపారు. మొత్తం రెండువేల అయిదు వందలకు దగ్గర బొమ్మలు. ముఖపత్రంమీద సహగూన్ పేరే ఉండొచ్చు. రాసినవాళ్ళలో అస్కాపొట్సాల్కోకి చెందిన ఆంతోనియో వలేరియానో, కువౌతిట్లాన్‌కి చెందిన అలోన్సో వెహెరానో, ఇదే ఊరి మార్టిన్ హకోబీతా ఉన్నారు. ఆ పేర్లు సహగూనే స్వయంగా చెప్పాడు, అది అతని మంచితనం.

1545 మహమ్మారిలో ఈ ఊళ్ళో పదివేలకు పైగా శవాలు పాతిపెట్టానని రాసుకున్నాడాయన. 1576లో, పుస్తకం చివరి రూపానికొస్తుండగా, రోగం మళ్ళీ విరుచుకుపడింది. చిత్రకారులు పోతున్నారు, రంగులు అందడం లేదు. చివరి సంపుటాలకొచ్చేసరికి బొమ్మలు చాలామటుకు నల్లగీతలకు దిగిపోతాయి. చర్చి మెట్లమీద కూర్చుని మావాడి ట్యాబ్‌లో ఆ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాం. రంగుల పూలూ పిట్టలూ ఉన్న పుట నుంచి రంగులేని యుద్ధపు పుటకు రావడం చూస్తే, విషయం తెలిసినా మనసు కలుక్కుమంటుంది.

పన్నెండో సంపుటం స్పెయిన్‌వాళ్ళ దండయాత్ర గురించి. అందులో టెనోచ్‌టిట్లాన్ రాజు మోక్తెసూమా శకునాలకు వణికిపోతాడు, ఎక్కడ దాక్కోవాలా అని చూస్తాడు. ఆఖరిదాకా నిలబడి కొట్లాడిన మొనగాళ్ళెవరు? ట్లటెలోల్కో వీరులు. పుస్తకం ఏ ఊళ్ళో రాశారో మరిచిపోయి చదివితే ఇదంతా జరిగింది జరిగినట్టే అనిపిస్తుంది. 1473 అవమానానికి కాగితంమీద బదులు తీర్చుకున్నారేమోనని నాకు అనుమానం.

"ఇంతకీ ఎవరిది నిజమమ్మా?" అన్నాడు మావాడు.

"ముందు కాగితం ఖర్చు ఎవరు పెట్టుకున్నారో చూడరా," అన్నాను. శాసనాల పాఠం మొదలెట్టినప్పుడు పిల్లలకు చెప్పే మాటే.

పుస్తకాలు కాల్చడం స్పెయిన్‌వాళ్ళతోనే మొదలైందనుకుంటే పొరపాటు. 1427 ప్రాంతంలో గద్దెనెక్కిన ఇట్స్‌కోవాట్ల్ పాత చరిత్ర పుస్తకాలను తగలబెట్టించాడని, సామాన్యులకు అవి తెలియనక్కర్లేదనుకున్నారని పదో సంపుటమే చెబుతుంది. కొత్త సామ్రాజ్యానికి కొత్త గతం కావలసొచ్చింది.

శుక్రవారం, రెండో నంబరు లైను

పొద్దున్నుంచి ముసురు. సోకలోలో ఎక్కి దక్షిణానికి పోతుంటే రైలు శాన్ ఆంతోనియో ఆబాద్ స్టేషన్‌లో ఆగింది. ఈ పేరుగల చర్చిలోనే పదిహేడో శతాబ్దం తొలినాళ్ళలో చిమల్‌పాహిన్ పనిచేశాడు. 1579లో చాల్కో సీమలోని అమెకమెకాలో పుట్టినవాడు. చర్చి చూసుకుంటూ నావాట్ల్‌లో చరిత్ర రాశాడు. 1614లో జపాన్ రాయబారులు ఈ నగరంలోకి రావడం కూడా నమోదు చేశాడు. అతని రాతలున్న మూడు సంపుటాలను 1827లో హొసె మరీయా లూయిస్ మోరా అనే పెద్దమనిషి బైబిలు ప్రతులకు బదులుగా ఇంగ్లీషు బైబిలు సొసైటీకి ఇచ్చేశాడు. 2014లో మెక్సికో డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకుంది.

ఎర్మితాలో దిగితే పక్కనే శాన్ ఆంద్రెస్ టెటెపిల్కో. మామూలు పేట: టైర్ల షాపు, టోర్టియాల మిషను, చిన్న చర్చి. ఒక కుటుంబం తరతరాలుగా దాచుకున్న ఈ ఊరి మూడు పుస్తకాలను ప్రభుత్వం 95 లక్షల పేసోలకు కొని, 2024 మార్చిలో ప్రకటించింది. ఒకటి ఊరు పుట్టుక, ఒకటి చర్చి సామాన్ల జాబితా, మూడోది టెనోచ్‌టిట్లాన్ పుట్టుకనుంచి 1603 దాకా నడిచే పట్టీ. వలస పట్టీకి చుట్టమే. రాజధాని చరిత్రతో తమ పేట పేరు కలిపి చెప్పుకోవాలన్న తాపత్రయం. టైర్ల షాపులో అడిగితే ఆయనకు ఆ వార్త తెలుసు, గర్వంగానే చెప్పాడు.

అక్కడినుంచి కుల్వాకాన్ వెళ్ళాం, వలస పట్టీ తెగిపోయే ఊరు. పాత మఠం తోటలో తడుస్తూ పైకి చూస్తే నక్షత్రకొండ. యాభై రెండేళ్ళ చక్రం ముగిసినప్పుడల్లా ఊళ్ళన్నీ నిప్పు ఆర్పేసుకుంటే, ఆ కొండమీద కొత్త నిప్పు రాజేసేవారు. ఆఖరిసారి 1507లో.

శనివారం, వెహోత్సింగో

బస్సులో ప్యూబ్లా, అక్కడినుంచి ఇంకో బస్సు. పొగ కక్కుతున్న పొపొకాతెపెట్ల్ అగ్నిపర్వతం దారంతా వెంటే ఉంది. మఠం గోడమీద 1524లో వచ్చిన పన్నెండుమంది ఫ్రాన్సిస్కన్లు మోకాళ్ళమీద ఉన్న చిత్రం చూసి, యాపిల్ సారా దుకాణాల ముందు నుంచి నడిచాం.

ఈ ఊరి పుస్తకం చరిత్రకంటే దావా పత్రం అనడం సబబు. 1531లో వెహోత్సింగోవాళ్ళు అధిక పన్నులు గుంజుతున్నారని స్పెయిన్ అధికారులపై కోర్టుకెక్కారు. సాక్ష్యంగా ఎనిమిది కాగితాల మీద లెక్క గీసిచ్చారు: మొక్కజొన్న, మిరప, ఇటుకలు, గుడ్డలు, మేరీమాత బొమ్మ అచ్చొత్తిన బంగారు జెండా, దాని ఖర్చుకోసం అమ్మిన బానిసలు. జెండా గుర్తు ఇరవై, ఈకలా ఉన్నది నాలుగు వందలు, సంచి గీస్తే ఎనిమిది వేలు. వాది పక్షాన ఉన్నది టెనోచ్‌టిట్లాన్‌ని జయించిన స్పెయిన్ సేనాని కొర్తేస్, కారణం అతని సొంత వాటా. అయినా 1538లో రాజు తీర్పు ఊరికి అనుకూలంగా వచ్చింది, వసూలు చేసినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కివ్వాలని. బొమ్మల లెక్కను కోర్టు సాక్ష్యంగా ఒప్పుకుంది! మిగతా ఊళ్ళు కూడా ఎందుకంత శ్రద్ధగా గీయించుకున్నాయో ఇక్కడ నాకు బాగా తెలిసింది. ఆ కాగితాలిప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఆదివారం, ట్లస్కాలా

ట్లస్కాలావాళ్ళు మెషికాలకు బద్ధశత్రువులు. కొర్తేస్‌తో చేయి కలిపారు. అందుకు మెక్సికోలో వాళ్ళకు ద్రోహులన్న పేరు ఇంకా పోలేదు. ప్రభుత్వ భవనం గోడలనిండా దెసిదేరియో హెర్నాందెస్ షోచితియోట్సిన్ 1957లో మొదలుపెట్టి వేసిన చిత్రాలు. ఆదివారం కాబట్టి కుటుంబాలతో కిటకిట. ఒక తాతగారు మనవరాలికి గోడ చూపిస్తూ కథ చెబుతున్నారు. మావాడు విని నాకు చెప్పాడు: "మనం ఓడిపోలేదమ్మా, మనం గెలిచాం అంటున్నాడాయన."

1552లో ఈ ఊరి పంచాయతీ అదే మాట పెద్ద గుడ్డమీద గీయించింది. లియెన్సో దె ట్లస్కాలా అంటారు. దృశ్యం తర్వాత దృశ్యం ట్లస్కాలా యోధులూ స్పెయిన్‌వాళ్ళూ భుజం భుజం కలిపి కొట్లాడతారు, గ్వాటెమాలా దాకా పోతారు. దుబాసి మలింట్సిన్ దాదాపు ప్రతిచోటా మధ్యలో నిలబడి ఉంటుంది. 1519 సెప్టెంబరులో, స్నేహానికి ముందు, ట్లస్కాలావాళ్ళు కొర్తేస్‌తో రోజుల తరబడి చేసిన యుద్ధం మాత్రం లేదు. రాజుగారిని పన్ను మినహాయింపు అడగబోయేవాళ్ళు ఆ బొమ్మ ఎందుకు వేస్తారు? అసలు గుడ్డ ఫ్రెంచి దండయాత్ర రోజుల్లో మాయమైంది. మనకు మిగిలింది నకళ్ళు, ముఖ్యంగా 1773లో హువాన్ మాన్వెల్ యాన్యెస్ తీసినది.

ఇదే ఊరివాడు దియేగో మున్యోస్ కమార్గో, తండ్రి స్పెయిన్‌వాడు, తల్లి ఇక్కడిది. 1585 ప్రాంతంలో ఊరి చరిత్ర రాసి, బొమ్మలు వేయించి, రాజు రెండో ఫిలిప్‌కి ఇచ్చాడు. ఆ ప్రతి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉంది. అందులో ఒక బొమ్మ: సన్యాసులు పాత పూజల పుస్తకాలనూ దుస్తులనూ మంటలో వేస్తున్నారు, మంటల్లోంచి దేవతల ముఖాలు తొంగిచూస్తున్నాయి. ఆ మంటను మెచ్చుకుంటూ గీసిందే. కానీ ఏయే దేవతలు కాలారో మనకు తెలియజేస్తున్నదీ అదే బొమ్మ.

సాయంత్రం బస్టాండులో మావాడికి ఆఫీసు ఫోన్లు మొదలయ్యాయి. వెళ్ళదలచుకున్నవాళ్ళకు రెండు మాటలు. అసలు ప్రతులు చూస్తామని ఆశ పెట్టుకోకండి. ప్రత్యేక ప్రదర్శనల్లో తప్ప బయటికి రావు. మెండోసా పుస్తకం, ఫ్లోరెంటైన్ కోడెక్స్, వలస పట్టీ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా, పెద్ద బొమ్మలతో ఉన్నాయి. ఫోన్లో పెట్టుకుని బయల్దేరి, ఏ పేజీ ఏ ఊరిదో ఆ ఊళ్ళోనే తెరవండి. ట్లటెలోల్కోకి ఒక పూట సరిపోదు, రోజంతా కేటాయించండి. మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటుంది, టోపీ మరవద్దు. నోపాల్ టాకో మాత్రం రోడ్డుపక్క బండి దగ్గరే తినండి, హోటల్లో పెట్టేదానికి ఆ రుచి రాదు.